నాలుగో నంబర్ చెయ్యెత్తింది

విజిల్ నోట్లో ఉన్నంతసేపే నేను మంచిదాన్ని. అది తీశానంటే నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. మా ఆయనైతే "ఇంట్ల కూడ పెట్టుకోరాదు, మాకు జర శాంతి ఉంటది" అంటాడు. ఖమ్మంలో ఒక బడిలో ఆటల టీచర్ని. పిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు ఎక్కడ జరిగినా రెఫరీగా పిలుస్తారు. పొద్దున్నే ఖానాపురం హవేలిలోని మా ఇంటి దగ్గర స్కూటీ తీసి, బస్టాండులో పెట్టి, దొరికిన బస్సెక్కి వెళ్లిపోతాను. చాలా ఏళ్లుగా ఇదే అలవాటు.

ఈ పనిలో మాట్లాడేది చాలా తక్కువ. ఆటలో ఎవరైనా ఎదుటి పిల్లను తోసినా, చేతి మీద కొట్టినా అది ఫౌల్. విజిల్ వేసి, పిడికిలి పైకెత్తి, స్కోరు రాసే టేబుల్ ముందుకు నడిచి, తప్పు చేసిన పిల్ల నంబరును వేళ్లతో చూపిస్తాం. అక్కడ కూర్చున్నవాళ్లు దాన్ని స్కోరు షీటులో రాసుకుంటారు. ఒక పిల్ల మీద ఐదు ఫౌళ్లు పడితే ఆమె ఆట ముగిసినట్టే, ఇక బెంచీ మీద కూర్చోవాలి. ఆడుతున్నవాళ్లలో కెప్టెన్ ఒక్కతే వచ్చి మర్యాదగా ఎందుకని అడగవచ్చు. కోచ్ అడిగితే ఒక్క వాక్యంలో చెప్పాలి. అంతకు మించి మాట సాగిందంటే ఆట పోయి పంచాయితీ మిగులుతుంది. నా కోపం సంగతి నాకు తెలుసు కాబట్టి ఈ పద్ధతి నాకు బాగా నచ్చేది. ఒక్క వాక్యం చెప్పి వెనక్కి తిరిగిపోవడంలో ఒక దర్జా ఉందనుకునేదాన్ని.

మా నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడు. గనుల ఊళ్లో, కాలనీ బడిలో నేను ఈ ఆట నేర్చుకున్నాను. మా సారు మాకు అన్నిటికంటే ముందు నేర్పింది బంతి పట్టుకోవడం కాదు, చెయ్యెత్తడం. ఫౌల్ చేసిన పిల్ల, రెఫరీ నంబరు చూపించక ముందే తనంతట తాను చెయ్యెత్తాలి. "దొంగల లెక్క నిలబడకుండ్రి, చేసినోళ్లు ఎత్తుండ్రి" అని అరిచేవాడు. అప్పట్లో అదే మర్యాద. ఇప్పటి పిల్లలు ఎవరూ ఎత్తరు. విజిల్ మోగితే చాలు, రెండు చేతులూ చాపి "నేనేం చేసిన మేడమ్" అని అమాయకంగా మొహం పెడతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. అందుకే ఆ రోజు ఆ పిల్ల చెయ్యెత్తగానే నా మనసు కరిగిపోయింది. నేను బోల్తా పడింది అక్కడే.

అవి పత్తి ఏరే రోజులు. పోటీ జూలూరుపాడు దాటిన తర్వాత ఒక బడి మైదానంలో పెట్టారు. పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల ఫైనల్. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. ఒకవైపు మా గనుల ఊరి జట్టు. వాళ్ల కోచ్ చిన్నప్పుడు నా పక్కన ఆడిన స్నేహితురాలే. రెండోవైపు భద్రాచలం దారిలో, అడవి ఊళ్ల పిల్లలు ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాల జట్టు. వాళ్ల కోచ్ సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. పేర్ల కాగితం ఇస్తూ తన కెప్టెన్ను చూపించాడు. నాలుగో నంబర్ బనీను వేసుకున్న పిల్ల.

"ఈ పిల్ల పది చదువుతున్నది మేడమ్. మూడేండ్ల సంది ఫైనల్ల ఓడిపోతనే ఉన్నరు. ఈసారి పోకపోతే ఆమెకు ఇగ లేదు" అన్నాడు.

ప్రతి కోచ్ ఇలాంటిదేదో ఒకటి చెప్తాడు. తల ఊపి ఊరుకున్నాను. కెప్టెన్లిద్దరినీ మధ్య గీత దగ్గరికి పిలిచినప్పుడు ఆ పిల్ల అడిగింది.

"మాకు ఏదన్న సమజ్ కాకపోతే అడగొచ్చా మేడమ్?"

"నువ్వొక్కదానివే అడుగు. మిగతావాళ్లు నోరు తెరవొద్దు."

అంత కటువుగా చెప్పక్కర్లేదు. అయినా అలాగే చెప్పాను. ఆ తర్వాత ఆ పిల్ల నన్ను ఏమీ అడగలేదు.

మొదటి ఫౌల్ బుట్ట కింద జరిగింది. నలుగురైదుగురు పిల్లలు ఒకేసారి బంతికి ఎగిరారు. చేతి మీద చెయ్యి పడ్డ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది, ఎవరి చెయ్యో మాత్రం వీపులు అడ్డం వచ్చి కనిపించలేదు. విజిల్ వేశాను. ఆ గుంపులోంచి ఒక చెయ్యి నిటారుగా పైకి లేచింది. నాలుగో నంబర్. ఎంత కాలమైందో అలాంటి చెయ్యి చూసి! టేబుల్ ముందుకు వెళ్లి నాలుగు వేళ్లు చూపించాను. ఆ పిల్లను మెచ్చుకోవాలనిపించింది కూడా.

సగం ఆట అయ్యేసరికి ఆమె మీద మూడు పడ్డాయి. మూడుసార్లూ చెయ్యెత్తింది. విరామంలో ఆశ్రమ పాఠశాల పిల్లలు గుండ్రంగా చేరి వాళ్ల ఇంటి భాషలో ఏదో మాట్లాడుకుంటూ మధ్యమధ్య నావైపు చూశారు. నన్నే తిడుతున్నారనుకున్నాను.

"ఏంది గుసగుసలు? తెలుగుల మాట్లాడుండ్రి" అని కసిరాను.

అందరూ ఠక్కున ఆగిపోయారు. కెప్టెన్ లేచి నిలబడి "సారీ మేడమ్" అంది. వాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటే నాకేం పోయింది? రూల్ బుక్కులో ఎక్కడా లేని మాట అది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో భాగంలో నాలుగో ఫౌల్. ఆట ఆగినప్పుడు వాళ్ల కోచ్ గీత అంచుదాకా వచ్చి "ఏ నంబర్ మేడమ్?" అన్నాడు.

"నాలుగు."

"నాలుగా?"

"మీ పిల్లనే చెయ్యెత్తింది సార్" అని వెనక్కి తిరిగాను. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను ఆగలేదు.

ఆఖరి భాగం. ఇంకా నాలుగు నిమిషాలుంది. రెండు జట్లకూ స్కోరు సమానం. చుట్టూ మా ఊరివాళ్లు గొంతు చించుకుని అరుస్తున్నారు. అటువైపు, పత్తి చేను వదిలి ట్రాలీ ఆటోలో వచ్చిన పదిమంది తల్లులు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గనుల ఊరి పిల్ల బంతితో దూసుకొచ్చింది, ఇద్దరు అడ్డం పడ్డారు, పిల్ల కింద పడింది. నా ముందు వీపులు, జడలు. విజిల్ వేసి తలెత్తి చూశాను. ఏం చూశానో ఇప్పుడు చెప్పగలను. తప్పు ఎవరు చేశారని చూడలేదు. చెయ్యి ఎవరు ఎత్తారని చూశాను. నాలుగో నంబర్.

ఐదో ఫౌల్. ఆ పిల్ల బయటికి నడిచింది. తల్లుల్లో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోచ్ పరుగులాంటి నడకతో వచ్చాడు.

"మేడమ్, ఆమె అందరి కోసం చెయ్యెత్తుతది. హాస్టల్ల గది లీడర్ మేడమ్. చిన్న పిల్లలు భయపడి ఇంటికి పోతరని ఏది జరిగినా..."

"సార్, ఇంకొక్క మాట మాట్లాడితే టెక్నికల్ ఇస్తా."

టెక్నికల్ అంటే నడవడి బాగాలేదని వేసే శిక్ష. ఎదుటి జట్టుకు ఊరికే ఒక షాట్ దొరుకుతుంది. స్కోరు సమానంగా ఉన్నప్పుడు ఆ ఒక్కటి చాలు కొంప మునగడానికి. ఆయన నోరు మూసుకుని వెనక్కి వెళ్లాడు. గది లీడర్ ఏంది, హాస్టల్ ఏంది, ఆటలో ఈ సోది ఏంది అని విసుక్కుంటూ నేను బంతి ఇచ్చాను.

కెప్టెన్ లేకపోయేసరికి ఆ జట్టు చెల్లాచెదురైంది. బంతి ఎవరికి ఇవ్వాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూస్తుండగానే నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. రెండు నిమిషాలు మిగిలి ఉండగా వాళ్ల పదకొండో నంబర్ పిల్ల, పొడుగ్గా, బక్కగా ఉండే పిల్ల, బంతి లాక్కోబోయి ఎదుటి పిల్ల మోచేతి మీద గట్టిగా కొట్టింది. సరిగ్గా నా కళ్ల ముందు, రెండడుగుల దూరంలో. ఈసారి ఏ వీపూ అడ్డం లేదు. విజిల్ వేసి పిడికిలి ఎత్తాను.

నేను పదకొండు అని వేళ్లు చూపించక ముందే ఒక చెయ్యి లేచింది. కోర్టులో కాదు, బెంచీ దగ్గర. నాలుగో నంబర్ లేచి నిలబడి ఉంది. మెడ చుట్టూ తువ్వాలు, చెయ్యి మాత్రం హాజరు పలికినప్పటిలా నిటారుగా పైకి. ఆట నుంచి వెళ్లిపోయిన పిల్ల, కోర్టులో లేని పిల్ల, ఇంకొకరు చేసిన ఫౌల్‌కు చెయ్యెత్తింది. ఎత్తాక తనకే తెలిసొచ్చినట్టుంది, గబుక్కున దించేసింది.

కోచ్ నాతో చెప్పబోయింది అప్పుడు ఎక్కింది నా బుర్రకు. ఐదు ఫౌళ్లలో నా కళ్లతో చూసినవి ఎన్ని? రెండు. నిజంగా ఆమెవే అని ఒట్టేసి చెప్పగలిగినవి రెండే. మిగిలినవాటికి నేను చెయ్యి చూసి నంబరు రాయించాను.

నాతోపాటు విజిల్ వేస్తున్న రెండో రెఫరీ నాకంటే చిన్నవాడు. పక్కకు వచ్చాడు.

"ఏమైందక్కా? షాట్ వేపియ్యి, టైం పోతున్నది."

"ఐదో ఫౌల్ నువ్వు చూసినవా?"

"చూసిన. పదకొండు కొట్టింది. నాకు ఎదురుంగనే."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు నాలుగు చూపిస్తివి. నీకు ఇంకేదన్న కనబడ్డదేమో అనుకున్న. పెద్దదానివి, మధ్యల వస్తే తిడతవని..."

కోచ్ నోరు మూయించాను. పిల్లల నోరు మూయించాను. నా పక్కన ఆడించే మనిషి కూడా నాకు భయపడి నిజం మింగేశాడు. ఇన్నేళ్లూ దర్జా అనుకున్నది ఇదన్నమాట. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇప్పుడు ఏం చేయకక్కా" అన్నాడు వాడు మెల్లగా. "రెండు నిమిషాలల్ల అయిపోతది. అటు మీ ఊరోళ్లు, చేతిల ఫోన్లు పట్టుకొని ఉన్నరు. ఎందుకు నెత్తికి తెచ్చుకుంటవు?"

వాడి మాట నిజం. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బెంచీ వైపు చూశాను. ఆ పిల్ల తువ్వాలు అంచు పళ్ల మధ్య పెట్టుకుని గడియారం వైపు చూస్తోంది.

షీటులో తప్పు నంబరు పడితే ఆఖరి సంతకం అయ్యేలోపు సరిదిద్దవచ్చు. ఆ వీలు రూల్స్‌లో ఉంది. టేబుల్ దగ్గరికి నడిచి ఇద్దరు కోచ్‌లనూ రమ్మన్నాను. తోసినందుకు, పట్టుకున్నందుకు, బంతితో నడిచినందుకు మాకు ఒక్కొక్క సైగ ఉంది. రెఫరీ తప్పు చేసిందని చెప్పే సైగ లేదు. ఏం చేయాలో తోచక, పదిహేనేళ్ల వయసులో మా సారు ముందు ఎత్తినట్టు, చెయ్యెత్తి నిలబడ్డాను. అరుపులు కొంచెం తగ్గాయి.

"ఐదో ఫౌల్ నాలుగో నంబర్‌ది కాదు. పదకొండుది. నేను సరిగ్గ చూడకుంట రాయించిన. తప్పు నాది."

నా పాత స్నేహితురాలి మొహం ఎర్రబడింది. "ఏందిది మేడమ్? పిల్ల చెయ్యెత్తింది, అందరం చూసినం. మన సారు మనకు నేర్పింది గిదే గదా?"

"సారు చేసినోళ్లను ఎత్తుమన్నడు. ఈమె చేయలే."

"మేము ముందుకు పోయినంక గుర్తుకొచ్చిందా నీకు? పిల్లలకు నేనేం చెప్పాలె?"

"తప్పు నాదని చెప్పు." ఆమె అడిగిందాంట్లో న్యాయముంది. వెనక నుంచి మా ఊరివాళ్లు నన్ను ఏమేమి అన్నారో ఇక్కడ రాయను.

అప్పుడు షీటు రాసే టీచర్ తలెత్తింది. "మేడమ్, పదకొండుకు ముందే మూడున్నయి. ఇప్పుడు కొట్టింది నాలుగు. మీరు చెప్పింది కూడ కలిపితే ఐదు. ఆ పిల్ల బయటకు పోవాలె."

ఇది నేను ఆలోచించలేదు. కెప్టెన్ ఆ మాట విన్నది. బెంచీ నుంచి పరుగెత్తుకొచ్చి నా ముందు నిలబడింది. ఆట మొదలైన తర్వాత మొదటిసారి నన్ను అడిగింది.

"మేడమ్, ఒక్కటి అడుగుత. దాన్ని ఉంచుండ్రి, నేనే కూసుంట. అది కొత్త పిల్ల మేడమ్. పోయినసారి హాస్టల్ల గట్టిగ అన్నరని ఇంటికి పోయింది, రెండు నెలలు రాలే. ఇంతమంది ముందట పంపిస్తే మళ్ల పోతది."

"నీకు ఇది ఆఖరుసారి గదా?"

"అవ్ మేడమ్."

అంతే అంది. కళ్లలో నీళ్లు లేవు, బతిమాలుతున్నట్టు కూడా లేదు. గదిలో ఎవరు ఎక్కడ పడుకోవాలో సర్దిచెప్పే పిల్లలా నిలబడింది. నాకే ఏడుపొచ్చింది. సరే అనాలని ఎంత అనిపించిందో! కానీ మళ్లీ ఆమె చెయ్యి చూసి రాయిస్తే, అప్పుడు చేసిన తప్పే ఇప్పుడు తెలిసి చేసినట్టు.

"చేసినోళ్ల మీదనే రాయాలె బిడ్డా" అన్నాను.

టేబుల్ వైపు తిరిగి ఒక చేత పిడికిలి, ఒక చేత వేలు, పదకొండు చూపించాను. పక్కనే కెప్టెన్ చెయ్యి మళ్లీ లేవబోయింది. ఈలోపు పదకొండో నంబర్ పిల్ల వచ్చి ఆ మణికట్టు పట్టుకుని కిందికి దించింది. తర్వాత తన చెయ్యి ఎత్తింది. భుజం దాకా, ఇంకొంచెం పైకి, చివరికి పూర్తిగా. ఎత్తిన చేత్తోనే బెంచీ దాకా నడిచి వెళ్లింది. ఆ పిల్ల గేటు వైపు పోతుందేమో అని నేను ఆట వదిలేసి అటే చూశాను. పోలేదు. తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకుని కూర్చుంది. కెప్టెన్ మళ్లీ కోర్టులోకి దిగింది.

ఆ రెండు నిమిషాలు నేను ఎలా ఆడించానో నాకే తెలియదు. ప్రతి విజిల్‌కూ నంబరు నా కళ్లతో చూసి, పైకి పలికి, అప్పుడు వేళ్లు చూపించాను. ఆ ఫౌల్‌కు గనుల ఊరి పిల్లకు దొరికిన రెండు ఫ్రీ త్రోలలో ఒకటి పడింది. తేడా ఐదు. కెప్టెన్ ఒక బుట్ట వేసింది, రెండు పాయింట్లు. మూడు. ఇంకొకటి వేసింది. ఒకటి. ఆఖరి క్షణాల్లో బంతి మళ్లీ ఆమె చేతికే వచ్చింది. ఎగిరి వేసింది. రింగు మీద తగిలి, పైకి లేచి, బయట పడింది. ఆట ముగింపు విజిల్ వేయాల్సింది నేనే. వేశాను.

ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఆ పిల్ల బెంచీ మీద కూర్చున్న రెండు నిమిషాల్లో పోయినవి నాలుగు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నా మారదు.

ఆట తర్వాత షీటు మీద అందరూ సంతకాలు పెట్టాలి. అందులో ఒక గడి ఉంటుంది. రెఫరీ వల్ల అన్యాయం జరిగిందని అనుకుంటే ఓడిన జట్టు కెప్టెన్ అక్కడ సంతకం పెట్టవచ్చు. దాని కింద ఆఖరి సంతకం రెఫరీది. అది పడితే ఇక ఏదీ మారదు. పిల్లల పోటీల్లో ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే పోతుంది. అలాంటిదొకటి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. నేనూ ఏనాడూ చెప్పలేదు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. పోటీ పెట్టిన పెద్దవాళ్లు కూర్చుని, నా రిపోర్టు చదివి, నన్ను నాలుగు మాటలని, ఫలితం మాత్రం మార్చలేదు. మా గనుల ఊరి జట్టే రాష్ట్ర పోటీలకు వెళ్లింది. పదకొండో నంబర్ హాస్టల్లోనే ఉందని, రోజూ బుట్ట కింద ఆడుతోందని ఆ కోచ్ ఫోన్ చేసి చెప్పాడు. నా స్నేహితురాలు ఇంతవరకు నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మాత్రం నాకు ఇవేవీ తెలియవు. షీటు పట్టుకుని ఆశ్రమ పాఠశాల పిల్లల దగ్గరికి వెళ్లాను. కెప్టెన్ బూట్ల తాళ్లు విప్పుకుంటోంది. నన్ను చూసి లేచింది. పక్కన కూర్చుని, పెన్ను చేతికిచ్చి, ఆ గడి మీద వేలు పెట్టాను.

"నా వల్ల నష్టమైందని అనుకుంటే ఇక్కడ సంతకం పెట్టొచ్చు."

"తప్పు మీదని మీరే చెప్పిన్రు గదా మేడమ్. మళ్ల సంతకం ఎందుకు?"

"నేను నోటితోని అన్నది గాలికి పోతది. నువ్వు పెడితే కాగితం మీద ఉంటది."

"పెడితే మళ్ల ఆడిపిస్తరా?"

"తెల్వది. ఆడిపించకపోవచ్చు."

"మిమ్మల్ని ఏమన్న అంటరా?"

"అంటరు."

ఆ పిల్ల పెన్ను నా చేతిలో పెట్టేసింది. "అయితే వద్దు మేడమ్."

నేను ఊహించాల్సిందే. రోజంతా అందరి తప్పులకూ చెయ్యెత్తిన పిల్ల, ఇప్పుడు నా తప్పుకు కూడా ఎత్తుతోంది. ఆ క్షణంలో ఆమెను దగ్గరికి తీసుకోవాలనిపించింది. పెన్ను తిరిగి ఆమె వేళ్ల మధ్య పెట్టాను.

"ఈ ఫౌల్ నాది. నా కోసం నువ్వు ఎత్తకు బిడ్డా."

నావైపు చాలాసేపు చూసింది. ఆ రోజంతా నా కళ్లలోకి చూడని పిల్ల. తర్వాత షీటును మోకాలి మీద సరిగ్గా పెట్టుకుని, గడిలో తన పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. రాసి, ఒకసారి చదువుకుని, నాకు ఇచ్చింది. దాని కింద నేను సంతకం పెట్టాను.